పారేసే చేప తోలులో దాగిన సరుకు

చేపలు కోయించి ముక్కలు తెచ్చుకుంటాం. మరి తోలు, పేగులు, ముళ్ళు? ఫిల్లెట్లు తీసే ఫ్యాక్టరీల్లో చేప బరువులో సగం దాకా చెత్తకే పోతుంది. (తలకాయ పులుసు ప్రియులు క్షమించాలి, అక్కడ తలలూ చెత్తే!) అందులోనూ బోలెడు ప్రొటీన్ ఉంటుంది.

దాన్ని రుబ్బి, నీళ్లు కలిపి, ఆల్కలేజ్ లాంటి ఎంజైమ్ వేసి, 50-55 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచుతారు. మాంసం మెత్తబడాలని పచ్చి బొప్పాయి వేస్తామే, అదే కిటుకు. బొప్పాయి పాలలోని పపైన్ కూడా ఈ పనికి వస్తుంది. ప్రొటీన్ తెగి చిన్న చిన్న పెప్టైడ్లవుతుంది. వాటిలో కొన్ని యాంటీఆక్సిడెంట్లు. నూనె పాడై వాసన రాకుండా అడ్డుకుంటాయి. బీహెచ్‌టీ లాంటి కృత్రిమ రసాయనాలకు బదులుగా వీటిని వాడొచ్చని ఆశ. అయితే టెస్ట్‌ట్యూబులో పనిచేసిందల్లా మన ఒంట్లోనూ పనిచేస్తుందని కాదు. పైగా చేదు!

అసలు చిక్కు ఇంకా ముందే ఉంది. పేగులు గంటల్లో కుళ్ళిపోతాయి. ముక్కలకు వేసినట్టే ఆ చెత్తకూ వెంటనే ఐసు వేయాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?