బొద్దుతనమంతా బలం కాదు

పిల్లవాడు బొద్దుగా ఉంటే ఇంటికి కళ అనుకోవడం పల్లెల్లో తరతరాలుగా ఉన్నదే. కరువు రోజులు చూసిన నాయనమ్మలకు, అమ్మమ్మలకు ఆ అభిప్రాయం కలగడంలో వింత లేదు. కాని రోజులు మారాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్ల లోపు పిల్లల్లో అధిక బరువున్నవారు 2015-16లో నూటికి 2.1 మంది కాగా, 2019-21 నాటికి 3.4కు పెరిగారు. అంకె చిన్నదే. అదే సర్వేలో నూటికి 32 మంది బరువు తక్కువ పిల్లలు ఉండగా ఇదీ పెరగడమే విచారకరం.

కారణం కోసం పట్నం వెళ్లనక్కరలేదు. ఊళ్లో కిరాణా కొట్టు ముందు వేలాడే అయిదు రూపాయల చిప్స్ పొట్లాలు చాలు. బడి నుంచి వస్తూ ఒకటి, మారాం చేస్తే మరొకటి. చుట్టాలొస్తే కూల్‌డ్రింకు సరేసరి. చాలా రకాల కూల్‌డ్రింకుల్లో 200 మిల్లీలీటర్ల గ్లాసుకు సుమారు 20 గ్రాముల చక్కెర, అంటే దాదాపు అయిదు చిన్న చెంచాలు ఉంటుంది. టీలో అంత వేసిస్తే ఎవరూ తాగలేరు! చల్లగా ఉండటంతో ఆ తీపి నాలుకకు అంతగా తెలియదు.

ఆటలూ తగ్గాయి. కోతికొమ్మచ్చి ఆడాల్సిన వయసులో సెల్‌ఫోన్ పట్టుకుని మంచం దిగడం లేదు. ఫోన్ చేతికిచ్చి అన్నం పెడితే ఎంత తిన్నదీ బిడ్డకూ తెలియదు, తల్లికీ తెలియదు. అయిదేళ్లు దాటిన పిల్లలకు రోజుకు గంటసేపు ఒళ్లు అలిసే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కొందరు లావు పిల్లలకు మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా అవుతుంది. మురికి అనుకుని తల్లులు పీచుతో రుద్దుతారు. అది ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు కావచ్చు. మున్ముందు చక్కెర వ్యాధికి దారితీయవచ్చు. అటువంటి పిల్లలను, నిద్రలో గట్టిగా గురకపెట్టే వారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుకు చూపించాలి.

అలాగని పస్తులుంచరాదు. ఎదిగే వయసు కనుక చాలామందికి బరువు మరింత పెరగకుండా చూస్తే చాలు, ఎత్తు పెరిగేకొద్దీ సర్దుకుంటుంది. పొట్లానికి బదులు జామకాయ, ఉడికించిన శనగలు, కూల్‌డ్రింకుకు బదులు మజ్జిగ ఇవ్వవచ్చు. అంగన్‌వాడీలో బిడ్డను తూచే రోజున ఎత్తు కూడా కొలిపించి, ఆ ఎత్తుకు ఆ బరువు తగినదో కాదో టీచరును అడగవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు.