గట్టు మీది నత్తగుల్ల

గూడూరంటే నెల్లూరు వైపుదనుకునేరు, ఇది మన బందరు పక్క గూడూరు. సార్వా ఊడ్పులయ్యాక ఇక్కడ ఏ గట్టెక్కినా కాలికి ముందు తగిలేది నత్తగుల్లే. మా అబ్బాయి తన కూతురికి పొలం చూపిస్తానని బయల్దేరాడు, వెనకాల నేను. పైరు చూడమని వాడు చెబుతుంటే పిల్ల వంగి ఓ ఖాళీ గుల్ల ఏరింది.

"నాన్నా, ఇందులో నత్తేదీ?"

"కొంగ తినేసిందమ్మా."

"మరి గుల్ల పగల్లేదేం?"

వాడు నా వంక చూశాడు. మంచి ప్రశ్నే మరి. పెద్ద పెద్దవాళ్లు తికమకపడ్డ ప్రశ్న.

రెండు మళ్లవతల నిలబడ్డవి నత్తగుల్ల కొంగలు. ఒళ్లు తెలుపో బూడిదో, రెక్కల చివర నలుపు. ముక్కు పూర్తిగా మూసినా మధ్యలో అర సెంటీమీటరు సందు మిగిలిపోతుంది. ఆ సందు చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? అడకత్తెరలో పోకచెక్కలా గుల్లను అందులో పెట్టి పటుక్కుమనిపిస్తుందని. జూలియన్ హక్స్లీ అంతటి జీవశాస్త్రవేత్తా అలాగే తేల్చాడు. మా మనవరాలి చేతిలో గుల్ల మాత్రం చెక్కు చెదరలేదు.

"మూత వెతకవే అమ్మడూ," అన్నాను. బోదె పక్కన బురదలో దొరికింది, బొటనవేలి గోరంత గోధుమరంగు బిళ్ల. బతికున్న నత్త లోపలికి ముడుచుకుని ఈ మూత బిగించేసుకుంటుంది. కొంగ పైముక్కుతో గుల్లను నేలకు అదిమిపెట్టి, కిందిముక్కు మొనను మూత సందులోకి దూర్చి, లోపల పట్టుకునున్న కండను తెంపేస్తుంది. ఆ తర్వాత ఒళ్లంతా ఊడి వచ్చేస్తుంది. ఇదంతా తరచు నీళ్ల అడుగునే జరిగిపోతుంది కనక మన కంటబడదు. కొంగకూ కళ్లతో పనిలేదు. నెల్లూరులో సివిల్ సర్జనుగా చేసిన జెర్డన్, 1862-64 మధ్య అచ్చయిన తన భారతదేశ పక్షుల పుస్తకంలో, కళ్లకు గంత కట్టినా ఈ కొంగ నత్తను పట్టగలదని రాశాడు.

నత్తా తక్కువదేం కాదు. దానికి మొప్పా ఉంది, ఊపిరితిత్తి లాంటి సంచీ ఉంది. నీళ్లలో ఉండగానే చిన్న గొట్టం పైకి చాపి గాలి పీల్చుకుంటుంది. ఎండాకాలం చేలు బీటలువారితే మట్టిలోకి దిగి, మూతేసుకుని, ఒంట్లో దాచుకున్నదాంతో నెలల తరబడి పడుంటుంది. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్లొదిలి మడి తడిసిందా, లేచి కూచుంటుంది. ఆ వెనకే కొంగలూ దిగుతాయి.

"అయితే ముక్కులో సందెందుకు తాతయ్యా?"

నున్నటి గుల్ల జారకుండా పట్టుకోవడానికని కొందరు, ముక్కు మొనలకు బలం పెరగడానికని కొందరు. తమాషా ఏమిటంటే, పిల్లకొంగ ముక్కుకు ఆ సందే ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. సందు లేని పిల్లలూ నత్తల్ని తినేస్తాయి.

"అయితే సందు అందుక్కాదేమో," అంది. వాళ్ల నాన్న గట్టిగా నవ్వాడు. నేను నవ్వలేదు.