బీరువాలో పాత కెమెరా ఉందా? ఒక్క రీలుతో మొదలుపెట్టండి

కల్మల: రీలు కెమెరాకు మళ్లీ గిరాకీ వచ్చింది. పట్టణాల్లో కుర్రాళ్లు పాత సామాన్ల దుకాణాల్లో వాటికోసం వెతుకుతున్నారు. మన ఇళ్లలో మాత్రం చాలా కెమెరాలు బీరువా పై అరలోనే ఉండిపోయాయి. నిజాం కాలం నుంచి రాయచూరు ప్రాంతంలో ఉన్న కుటుంబాలైనా, 1953లో తుంగభద్ర డ్యాం నీళ్లు వదిలాక కోస్తా నుంచి వచ్చి క్యాంపుల్లో స్థిరపడిన కుటుంబాలైనా, పెద్దవాళ్ల ముఖాలు ఈనాటికీ కనిపిస్తున్నాయంటే అది రీలు పుణ్యమే. ఫోను పోతే అందులోని ఫొటోలూ పోతాయి. నెగెటివ్ కవర్లో భద్రంగా ఉంటే యాభై ఏళ్ల తర్వాతైనా ప్రింటు వేయించుకోవచ్చు.

ఇది డబ్బున్న వాళ్ల సరదా అనుకునేవాళ్ల కోసం, తక్కువ ఖర్చుతో ఎలా మొదలుపెట్టాలో చెబుతున్నాం.

కెమెరా కొనకండి, ముందు వెతకండి

మన ఇళ్లలో ఎక్కువగా దొరికేవి రెండు రకాలు. ఒకటి ఆగ్ఫా క్లిక్-3. దీనికి 120 సైజు వెడల్పు రీలు కావాలి. చదరంగా 12 ఫొటోలు వస్తాయి. రెండోది యాషికా ఎంఎఫ్-2 లాంటి 35 ఎంఎం కెమెరా. దీనిలో 36 ఫొటోల రీలు పడుతుంది. కొత్తవాళ్లకు ఇదే తేలిక.

వెనక మూత తెరిచి బటన్ నొక్కండి. షట్టరు తెరుచుకుని మూసుకోవాలి. లెన్సులోకి టార్చి వేసి చూడండి. సాలెగూడులా కనిపిస్తే అది బూజు. సెల్సు పెట్టే చోట పచ్చగా చిలుము పడితే నిమ్మరసం అద్దిన దూదితో తుడిచి ఆరబెట్టండి. మూత అంచుల్లో నల్ల స్పాంజి జిగటగా మారితే వెలుగు లోపలికి వస్తుంది, దాన్ని మార్చాలి. ఇంట్లో లేకపోతే పాత స్టూడియోవాళ్లను అడగండి. ఖరీదైనదాని జోలికి పోవద్దు.

అసలు ఖర్చు రీలుది

రీలు 900 రూపాయలు, కడిగించడం, స్కానింగు కలిపి 500 అనుకుందాం. మొత్తం 1,400. 36తో భాగిస్తే ఒక్కో ఫొటో దాదాపు 39 రూపాయలు. అందుకే నెలకు ఒక్క రీలు చాలు. ఒక మనిషికి రెండు ఫొటోలు దాటొద్దు.

కడిగించేటప్పుడు స్కానింగు మానేసినా ఫరవాలేదు. ఫోన్ తెరను తెల్లగా పెట్టి, దానికి కాస్త ఎత్తులో నెగెటివ్ పట్టుకుని, ఇంకో ఫోనుతో ఫొటో తీసి రంగులు తిరగేస్తే చూసుకోవడానికి సరిపోతుంది. గడువు దాటిన చవక రీలుతో మాత్రం పెళ్లి ఫొటోలు తీయకండి. వేడికి పాడైన రీలు కడిగేదాకా తెలియదు.

రీలు పట్టిందో లేదో చూడండి

ఇది మేం పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి. మా నాయనమ్మను అరుగు మీద కూర్చోబెట్టి, తులసికోట దగ్గర నిలబెట్టి రీలంతా తీశాం. కడిగిస్తే ఒక్క ఫొటో లేదు. రీలు కొస చక్రానికి పట్టనేలేదు, లోపల కదలలేదు. రెండో రీలు కొనేలోపు ఆమె లేదు.

35 ఎంఎం కెమెరాలో రీలు వేశాక లివరు తిప్పుతుంటే ఎడమవైపు వెనక్కి చుట్టే పిడి కూడా తిరగాలి. తిరగకపోతే రీలు పట్టలేదన్నమాట. అయిపోయాక మొత్తం వెనక్కి చుట్టకుండా మూత తెరవకూడదు.

మన ఎండలో ఎలా తీయాలి

మీటరు లేకపోయినా ఒక లెక్క ఉంది. మంచి ఎండలో ఎఫ్/16 పెట్టి, షట్టరు వేగం రీలు ఐఎస్ఓకు దగ్గరగా పెట్టండి. 200 రీలుకు 1/250 సరిపోతుంది. అదే వేగంతో వరండా నీడలో ఎఫ్/4 గానీ 5.6 గానీ కావాలి. మిట్టమధ్యాహ్నం కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి. పెద్దవాళ్లను పొద్దున్నే గానీ వరండాలో గానీ తీయండి. ఫోకస్ తిప్పే వీలు లేని కెమెరాతో అయిదారడుగుల దూరంలో నిలబడండి.

రీలును బండి డిక్కీలో ఉంచకండి. మన వేసవిలో అది పొయ్యితో సమానం. గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, వాడే ముందు గంటసేపు బయట ఉంచాక మూత తీయండి.

చేయి కుదరడానికి రాయచూరు కోటకు వెళ్లండి. అక్కడ 41 అడుగులు దాటిన రాతిపలక మీద 1294 నాటి తెలుగు శాసనం ఉంది. కాకతీయుల సేనాని గోన గన్నారెడ్డి కాలంలో ఈ కోట కట్టిన సంగతి దానిలో ఉంది. ఆ బండను బండి మీద లాగుతున్న బొమ్మ కూడా పక్కనే చెక్కారు. వెలుగు ఏటవాలుగా పడితే అక్షరాలు లేచి కనిపిస్తాయి. రాయి కదలదు కాబట్టి తొందర లేదు.

నెగెటివ్ వెనక్కి తీసుకోండి

రీలు కడిగే చోట్లు ఇప్పుడు తక్కువ. హైదరాబాద్, బెంగళూరు ల్యాబులకు కొరియర్ చేయవచ్చు. పంపేముందే నెగెటివ్‌లు తిరిగి ఇవ్వాలని చెప్పండి. కొందరు స్కాన్ మాత్రమే పంపి ఊరుకుంటారు. చేతికొచ్చాక కాగితం కవర్లో పెట్టి, పెన్సిలుతో పేరు, ఊరు, తేదీ రాయండి. మన ట్రంకు పెట్టెల్లో పేరు తెలియని ముఖాలు ఇప్పటికే చాలా ఉన్నాయి.

మొదటి రీలులో మొదటి ఫొటో ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లది తీయండి. దానికి పండగ దాకా ఆగొద్దు.