పాటదారు కనబడని వేలము

మన భాషలో వేలమునకు 'పాట' యను పేరు కలదు. సంగీతముతో దానికి పొత్తు లేకున్నను, ఊరి చెరువులోని చేపలకును, దేవాలయపు కొబ్బరితోటకును ధర కట్టునప్పుడు మనవారు పాట పాడుదురు. ముందురోజున ఊరిలో టముకు వేయింతురు. మరునాడు అధికారి 'సర్కారువారి పాట' యని మొదటి ధర చెప్పును. పిదప ఒకరిని మించి యొకరు పెంచుదురు. 'మూడోసారి' యనుటతో తంతు ముగియును. ఇందులో గమనింపదగిన దొకటి కలదు. పాడువాడు చెరువుగట్టుపై నిలిచి నీటిని చూచుచుండును. తోటలోనికి పోయి కాపును లెక్కించి వచ్చియుండును. అమ్మువాని మాట యతనికి అంతగా అక్కరలేదు. తన కన్నులే తనకు సాక్షి.

నేడు అంతర్జాలమున సాగు వేలములో ఆ సాక్ష్యము లేదు. వస్తువు అనంతపురములో నుండును, పాటదారు కోల్‌కతాలో నుండును. నడుమ నున్నవి నాలుగు ఫోటోలు, పది పంక్తుల వ్రాత. ఇట్టి చోట అమ్మకము మొదలుపెట్టువాడు మొట్టమొదట నేర్వవలసిన విద్య యేది? ఈ ప్రశ్న నిరుడు నా యింటి గుమ్మము తొక్కినది.

నా పూర్వవిద్యార్థి యొకడు, పైచదువునకు రుసుము కట్టవలసినవాడు, తాతగారి తపాలా బిళ్ళల ఆల్బమును చంకనిడుకొని వచ్చినాడు. తాతగారు పల్లెటూరి బడిపంతులు. దానితోపాటు ఒక తాటాకుల కట్టయు నుండెను. "మాస్టారూ, ఇవన్నీ పాతవి. ఆన్‌లైను వేలంలో పెడితే ఫీజు మొత్తం వచ్చేస్తుంది గదా!" యని అతని ఆశ.

పాతదనమే విలువ యనుకొనుట మొదటి పొరపాటు. విలువను నిర్ణయించునది అరుదుతనము, కోరువారి సంఖ్య, వస్తువు ఉన్న స్థితి. ఆల్బములో హైదరాబాదు సంస్థానము 1931లో వెలువరించిన వరుసలోని అణా బిళ్ళ యొకటి యుండెను. దానిపై చార్మినారు బొమ్మ. చూడ ముచ్చటైనదే గాని, దొరకని వస్తువు కాదు. కనుక అమ్మువారు కోరుచున్న ధరలను చూచి మురియవలదనియు, అట్టి బిళ్ళలు నిజముగా ఎంతకు అమ్ముడుపోయినవో ముగిసిన పాటలలో చూడుమనియు చెప్పితిని. ఒక గంట వెదకిన పిమ్మట అతని ముఖము కొంత వాడినది; లెక్క మాత్రము సరియైనది.

పిదప పాట సాగు తీరు వివరించితిని. ఈ వేదికలలో పెక్కింట పాటదారు తాను పెట్టగల గరిష్ఠ ధరను ముందే రహస్యముగా తెలుపును. యంత్రమే అతని పక్షమున పాడును. ఒకడు 500 రూపాయలు, వేరొకడు 700 రూపాయలు హద్దు పెట్టిరనుకొందము. పెంపు పది రూపాయలైనచో, వస్తువు రెండవవానికి 700లకు గాక 510లకే దక్కును. గెలిచినవాడు చెల్లించునది తన హద్దును గాదు, ఓడినవాని హద్దునకు కొంచెము పై ధరను. కావున హద్దును తగ్గించి చెప్పుటవలన లాభము లేదు. దీనికి దగ్గరి పద్ధతిని కొలంబియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు విలియం విక్రీ 1961లో ఒక వ్యాసమున విచారించెను. 1996లో ఆయనకు ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. అమ్మువానికి దీని వలన తేలు నీతి యేమనగా, ఒక్క కోరికగాడు చాలడు, ఇద్దరు కావలెను. సర్కారువారి పాట తక్కువగా నున్న పదిమంది చేరుదురు. మరీ విలువైన వస్తువునకు మాత్రము ఇంతకు తగ్గి ఇవ్వనను కనీస ధరను నిలుపుకొనవచ్చును.

ఇట్లు కొనువానిచేత నిజము పలికించు ఉపాయము దొరకినది. మరి అమ్మువానిచేత?

ఈ ప్రశ్న ఆదిలోనే పుట్టినది. 1995 సెప్టెంబరులో పియర్ ఒమిడ్యార్ అను యువకుడు అమెరికాలో 'ఆక్షన్‌వెబ్' అను వేదికను నెలకొల్పెను. అదియే 1997లో 'ఈబే' యైనది. అతడు తొలుత అమ్మకమునకు పెట్టినది చెడిపోయిన లేజరు పాయింటరు. అది 14 డాలర్ల 83 సెంట్లకు పోయినది. పనిచేయదని తెలియునా యని కొన్నవానిని అడుగగా, చెడిపోయినవానినే తాను సేకరించుచుందునని జవాబు వచ్చినదట. దోషము దాచకున్నను కొనువాడు కలడని దీని భావము. మరుసటి యేడు, అనగా 1996లో, కొన్నవారును అమ్మినవారును ఒకరినిగూర్చి యొకరు మెప్పుగాని తప్పుగాని బహిరంగముగా వ్రాయు ఏర్పాటు అతడే చేసెను. ఊరిలో నోటిమాటగా నుండు పేరుప్రతిష్ఠలు అక్కడ అక్షరరూపము దాల్చినవి.

ఆ పేరునకు వెల కలదా? కలదు. పాత పోస్టుకార్డులను మంచి పేరున్న యొక వర్తకుడే తన పేరిట కొన్నియు, క్రొత్త పేర్లతో కొన్నియు అమ్మగా, పాత పేరునకు సుమారు 8 శాతము హెచ్చు ధర పలికినట్లు 2006లో ప్రకటితమైన ఒక పరిశోధన తెల్పినది. సరుకు ఒకే తీరుది, మనిషియు ఒకడే, పెరిగినది విశ్వాసపు వెల.

మన దేశమున 'బాజీ' యను వేలపు వేదిక 2000లో పుట్టి, 2004లో ఈబే చేతికి పోయి, 2018లో ఈబే ఇండియాగా మూతపడినది. వేదికలు వచ్చును, పోవును. పద్ధతి నిలిచియున్నది. నేడు నాణెములకు, బిళ్ళలకు వేరు వేలపు సంస్థలు కలవు. 2016 ఏప్రిల్ 14న ఆరంభమైన జాతీయ వ్యవసాయ విపణిలో నిజామాబాదు పసుపునకును కంప్యూటరు మీదనే పాట నడచుచున్నది.

మా శిష్యుని కథకు వత్తము. చార్మినారు బిళ్ళను త్రిప్పి చూడగా, వెనుక నొకచోట కాగితము పొరలేచి పలుచబడియున్నది. సేకరించువారి దృష్టిలో అది పెద్ద దోషము. "ముందువైపు ఫోటోలో కనబడదు మాస్టారూ. చెప్పకపోతే ఏం?" అని అడిగినాడు. "నాయనా, నీవు వ్రాయు పది పంక్తులే నీ టముకు. అందులో మొదటి పంక్తి అదే కావలెను. వెనుకవైపు ఫోటో కూడ పెట్టు," మంటిని. స్నేహితునిచేత దొంగపాట పాడించి ధర పెంచవచ్చునా యని మరియొక సందేహము. అది మోసము, వేదికలు అట్టివారిని వెలివేయును.

తాటాకుల కట్టను మాత్రము వేలమున పెట్టవలదంటిని. 75 ఏండ్లు నిండిన, సాహిత్య చారిత్రక విలువగల వ్రాతప్రతి 1972నాటి చట్టము ప్రకారము పురావస్తువు. లైసెన్సు లేక అట్టివాని వ్యాపారము చేయరాదు. వ్యక్తులు విదేశములకు పంపరాదు. అందేమున్నదో చదువకముందే అమ్ముట తెలుగు చదువుకొన్నవానికి తగదు. అది ఇప్పుడు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున నున్నది.

బిళ్ళకు వచ్చినది స్వల్పమే. డబ్బు చేరిన పిదప, దానిని రెండు దళసరి అట్టల నడుమ, తేమ చొరని సంచిలో పెట్టి స్పీడు పోస్టులో పంపినాడు. వారము తిరుగకుండ కొన్నవారు అతని పేరునకు ఎదుట రెండే మాటలు వ్రాసిరి: 'చెప్పినట్లే యున్నది.' ఆ తరువాత ఆరు నెలలపాటు ఆల్బమును కొద్దికొద్దిగా అమ్మినాడు. అనుకొన్న ధనరాశి రాలేదు, పరీక్షరుసుము మాత్రము వచ్చినది. కొనువారిలో సగముమంది మొదట వచ్చినవారే.

ఆ రెండు మాటలను నాకు చూపుటకు అతడు ప్రత్యేకముగా వచ్చెను. వచ్చిన డబ్బెంతయో చెప్పుట మరచి వెళ్ళినాడు.