చేపలు పైకి తేలాయని సున్నం చల్లొద్దు!

కుంటలో అమ్మోనియా పెరిగితే ముందు మేత ఆపాలి, ఆ తర్వాత నీరు మార్చాలి

రాయికోడ్: మంజీర, సింగూరు జలాశయం దగ్గర్లోనే ఉన్నా మన మండలంలో మెట్ట పొలాలే ఎక్కువ. ఉపాధి హామీ పనుల్లో తవ్విన నీటి కుంటల్లోనూ, ప్లాస్టిక్ షీటు పరిచిన ఫారం పాండ్లలోనూ బొచ్చె, రవ్వ, బంగారు తీగ వేసుకునే సన్నకారు రైతులున్నారు. పత్తి, కంది చేతికందని ఏడు ఆ నాలుగు చేపలే ఇంటి ఖర్చుకు ఆదుకుంటాయి. అలాంటి కుంటలో ఎండాకాలం ఓ రోజు చేపలు నోరు తెరుచుకుని పైకి వస్తాయి. కంగారులో చాలామంది చేసే పని, బస్తా సున్నం తెచ్చి చల్లడం. నీటిలో అమ్మోనియా పెరిగి ఉంటే ఆ సున్నమే చేపల ప్రాణం తీస్తుంది. ఎందుకో తెలుసుకుంటే మందుల ఖర్చు కూడా తగ్గుతుంది.

అమ్మోనియా ఎక్కడి నుంచి వస్తుంది?

బయటి నుంచి ఎవరో పోసేది కాదు. మనం వేసే మేతలోంచే వస్తుంది. పల్లీ చెక్క, తవుడు సమపాళ్లలో కలిపితే అందులో మాంసకృత్తులు నూటికి 27, 28 పాళ్లుంటాయి. చేప దాన్ని తిని కొంత ఒంటికి పట్టించుకుని, మిగిలిన నత్రజనిని మొప్పల గుండా అమ్మోనియాగా నీటిలోకి వదులుతుంది. తినకుండా అడుగున కుళ్లిన మేత నుంచి, చచ్చిన పాచి నుంచి కూడా ఇదే వస్తుంది. కిలో మేతకు సుమారు 25 నుంచి 30 గ్రాముల అమ్మోనియా నత్రజని తయారవుతుంది.

లెక్క చూద్దాం. 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పున్న కుంటలో వేసవికి నీరు తగ్గి 5 లక్షల లీటర్లు మిగిలాయనుకోండి. అందులో అరకిలో తూగే చేపలు 400 ఉన్నాయి. రోజుకు 5 కిలోల మేత వేస్తున్నారు. నీటిని శుభ్రం చేసే ఏర్పాటేదీ లేకపోతే నాలుగు రోజుల్లో లీటరుకు 1 మిల్లీగ్రాము అమ్మోనియా చేరుతుంది. పెద్ద చెరువైతే ఇంత త్వరగా పెరగదు. షీటు పరిచిన కుంటలో మట్టి కూడా తగలదు కాబట్టి, అది నీళ్లు పోసిన పెద్ద తొట్టి కిందే లెక్క.

సున్నంతో తంటా ఏమిటి?

అమ్మోనియం సల్ఫేట్ ఎరువులో సున్నం కలపొద్దని రైతులకు తెలుసు. కలిపితే ఘాటు వాసన కళ్లకు, ముక్కుకు తగులుతుంది. ఎరువులోని నత్రజని గాలిలో కలిసిపోతుంది. కుంటలోనూ అదే జరుగుతుంది.

నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అమ్మోనియం, దానివల్ల చేపకు అంతగా హాని లేదు. రెండోది అమ్మోనియా వాయువు, అదే విషం. ఏది ఎంత ఉండాలో నీటి ఉదజని సూచిక, అంటే పి.హెచ్. నిర్ణయిస్తుంది. నీరు 30 డిగ్రీల వేడిగా ఉన్నప్పుడు పి.హెచ్. 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. 8 ఉంటే 7, 8 పాళ్లు. 9కి చేరితే 40 పాళ్లకు పైనే.

విషరూపం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోవాలి. పై లెక్కలోని కుంటలో పి.హెచ్. 7 ఉంటే చేపకు ఏమీ కాదు. 8 ఉంటే హద్దు దాటింది. కాల్చిన సున్నం చల్లి 9కి తీసుకెళ్తే హద్దుకు ఎనిమిది, తొమ్మిది రెట్లు విషం అవుతుంది. అమ్మోనియా పెరిగింది లేదు, మనమే దాన్ని విషంగా మార్చుకున్నాం. నల్లరేగడి నేలల నీరు మామూలుగానే క్షార గుణంతో ఉంటుంది. సున్నం అవసరమైతే కుంట ఎండినప్పుడు, పిల్లలు వదలకముందు వేసుకోవాలి.

గుర్తు పట్టేదెలా?

గాలి చాలక తేలే చేపలు తెల్లవారుజామున తేలి, ఎండ ఎక్కాక కిందికి పోతాయి. అమ్మోనియా దెబ్బ తగిలిన చేపలు మధ్యాహ్నం, సాయంత్రం కూడా మందకొడిగా, మేత ముట్టకుండా తిరుగుతాయి. పచ్చని నీటిలో పాచి పగలంతా బొగ్గుపులుసు వాయువును లాగేసుకోవడంతో మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు పి.హెచ్. బాగా పెరుగుతుంది. విషం ఎక్కువయ్యేది అప్పుడే. పచ్చగా ఉన్న నీరు ఒక్కసారి గోధుమ రంగుకు తిరిగితే పాచి చచ్చిందని అర్థం. రెండు రోజుల్లో అమ్మోనియా పెరుగుతుంది. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చడం దాని సహజ గుణం. అది చూసి భయపడనక్కర లేదు, మేత మానేస్తేనే అనుమానించాలి.

చుక్కలు వేస్తే రంగు మారే పరీక్ష కిట్లు దొరుకుతాయి. నలుగురు రైతులు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు. పి.హెచ్. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడాలి.

వెంటనే చేయాల్సినవి

* మేత రెండు, మూడు రోజులు పూర్తిగా ఆపండి. చేపలు ఆకలికి చావవు. పేడ, కోళ్ల ఎరువు, యూరియా అసలు వేయొద్దు.

* అడుగు నీటిని పైపుతో లాగి నాలుగో వంతు తీసేయండి. దాన్ని కూరగాయ మడికో, చెరకుకో పారించండి. అందులో నత్రజని ఉంది, పైరుకు ఎరువే. బోరు నీటిని పలక మీద పడేట్టు ఎత్తు నుంచి వదలండి, గాలి కలుస్తుంది.

* బోరులో నీరు లేకపోతే ఉన్న నీటినే మోటారుతో తోడి మళ్లీ కుంటలోకే చిమ్మండి. రాత్రిపూట తప్పనిసరి. అమ్మోనియాను తినే సూక్ష్మజీవులకు కూడా గాలి కావాలి.

* జహీరాబాద్ వైపు బెల్లానికి కొదవ లేదు. పైన చెప్పినంత కుంటకు 10 కిలోల బెల్లం నీళ్లలో కరిగించి, రెండు, మూడు దఫాలుగా ఉదయం పూట చల్లితే సూక్ష్మజీవులు పెరిగి అమ్మోనియాను పట్టుకుంటాయి. మోటారు తిరుగుతుంటేనే ఈ పని చేయాలి. లేకుంటే ఉన్న గాలి కూడా అవే పీల్చేస్తాయి.

* అప్పటికీ తేరుకోకపోతే పెద్ద చేపలు పట్టి అంగట్లో అమ్మేయండి. బరువు తగ్గితే మిగిలినవి బతుకుతాయి.

జియోలైట్ పొడి చిన్న తొట్టిలో పని చేస్తుంది. కుంటకు రెండు, మూడు కిలోలు చల్లితే పెద్దగా ఒరిగేదేమీ లేదు.

ఇంట్లో గాజు తొట్టి ఉందా?

పిల్లల ముచ్చటకు ఇంట్లో గాజు తొట్టి పెట్టుకున్నవారికీ సూత్రం ఇదే. నేలలో యూరియాను పైరు తీసుకునే నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవుల్లాంటివే తొట్టిలో అమ్మోనియాను మారుస్తాయి. వీటిని 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ వేరుచేసి చూపించారు. కొత్త తొట్టిలో అవి కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అందాకా రెండు, మూడు చేపలే వేయాలి. రెండు నిమిషాల్లో తినేంత మేతే వేయాలి. నీరంతా పారబోసి తొట్టిని కడిగితే ఆ మేలు చేసే జీవులూ పోతాయి. వారానికి నాలుగో వంతు నీరు మార్చండి. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది గనుక బకెట్లో ఒక రోజు తెరిచి ఉంచి పోయండి. ఫిల్టర్ స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీటిలోనే జాడించాలి.

మళ్లీ రాకుండా

ఎకరానికి 2,000 నుంచి 2,400 చేపపిల్లలు చాలు. అంటే 20 మీటర్ల కుంటకు 200 నుంచి 240. ఎక్కువ వేస్తే ఎక్కువ వస్తాయనుకోవడం పొరపాటు. మేతను రంధ్రాల సంచిలో వేలాడదీస్తే ఎంత తిన్నాయో, ఎంత మిగిలిందో తెలుస్తుంది. మిగిలితే మరునాడు తగ్గించాలి. మబ్బు పట్టిన రోజు సగం వేయాలి. పై పొలంలో యూరియా చల్లాక వాన పడితే ఆ నీరు కుంటలోకి రాకుండా చిన్న గట్టు వేసుకోవాలి.

అనుమానం వస్తే సీసా నిండుగా నీరు పట్టుకుని, మూత బిగించి, అదే రోజు సంగారెడ్డిలోని జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో చూపించి సలహా తీసుకోండి. దుకాణంలో మందు కొనే ముందు ఈ పని చేస్తే మంచిది. కుంటలో చేప తేలినప్పుడు చేతులు ముందుగా పోవాల్సింది సున్నం బస్తా మీదికి కాదు, మోటారు స్విచ్చి మీదికి.