ఒక యంత్రములో పలు యంత్రములు

పాఠశాల కంప్యూటరులో విండోస్ ఉన్నదనుకొందము. విద్యార్థులకు లినక్స్ కూడ చూపదలచిన ఉపాధ్యాయుడు ఏమి చేయవలెను? రెండవ కంప్యూటరు కొనుటకు డబ్బు చాలకపోవచ్చును. ఉన్న డిస్కును విభజించి రెండింటినీ చెరియొక భాగములో ఉంచవచ్చును. కాని ఒకదానినుండి మరొకదానికి పోవలెనన్నప్పుడెల్ల యంత్రమును ఆపి తిరిగి ప్రారంభించవలెను. విభజించునప్పుడు చేయి తప్పినచో ఉన్న సమాచారము కాస్తా పోవును. మూడవ మార్గ మొకటి కలదు. విండోస్ నడుచుచుండగనే, దాని తెరమీద ఒక విండోలో లినక్స్‌ను నడపవచ్చును. ఇట్లు సాఫ్ట్‌వేరు కల్పించిన కంప్యూటరును వర్చువల్ మెషీన్ అందురు. మిథ్యాయంత్రమని తెలుగు చేసికొనవచ్చును గాని, అందులో మిథ్య ఎంత, నిజ మెంత అన్నదే అసలు సంగతి.

ఆపరేటింగ్ సిస్టం యంత్రమునకు యజమాని వంటిది. మెమొరీలో ఏ భాగము ఎవరికి, ప్రాసెసరు ఎవరికి ఎంతసేపు అని నిర్ణయించునది అదే. ఇద్దరు యజమానులు ఒకేసారి పెత్తనము చేసినచో యంత్రము నిలువదు. మరి రెండు సిస్టములు ఎట్లు ఇముడును?

ప్రాసెసరు ఆజ్ఞలలో రెండు జాతులు కలవు. కూడుట, పోల్చుట వంటివి ఏ ప్రోగ్రామైనను చేయవచ్చును. మెమొరీ పటమును మార్చుట, అంతరాయములను ఆపుట వంటివి యజమానికే చెల్లును. సామాన్య ప్రోగ్రాము అట్టి ఆజ్ఞను ప్రయోగించినచో ప్రాసెసరు దానిని నిలిపి, అధికారమును యజమానికి అప్పగించును. దీనికి ట్రాప్ అని పేరు.

కిటుకంతయు ఇందులోనే ఉన్నది. అతిథిగా వచ్చిన సిస్టమును సామాన్య ప్రోగ్రాము హోదాలో నడిపింతురు. అసలు అధికారము హైపర్‌వైజర్ అను మరొక ప్రోగ్రాము చేతిలో ఉండును. అతిథి కూడికలు, పోలికలు నిజమైన ప్రాసెసరు మీదనే నేరుగా జరుగును. అందువలన వేగము పెద్దగా తగ్గదు. యజమాని ఆజ్ఞ వచ్చినప్పుడు మాత్రము ట్రాప్ పడును. హైపర్‌వైజర్ ఆ మార్పును అతిథికి చూపుచున్న కల్పిత యంత్రములో మాత్రమే చేసి, పని కొనసాగించుమని తిరిగి పంపును. వాటాలుగా అద్దెకిచ్చిన ఇంటిలో ఎవరి వంట వారిది; గోడ పగులగొట్టవలెనన్నప్పుడే ఇంటివారి ప్రసక్తి. అయితే ఇక్కడ అద్దెకున్నవాడు ఇల్లంతయు తనదే అనుకొనును!

ఈ ఊహ క్రొత్తది కాదు. అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రపు కేంబ్రిడ్జిలోని ఐబీఎం పరిశోధన కేంద్రమువారు రూపొందించిన సీపీ-40 అను వ్యవస్థ 1967లో వాడుకకు వచ్చినది. సిస్టం/360 మోడల్ 40 అను ఒకే యంత్రమును అది 14 యంత్రములుగా చూపగలిగెను. ఒక్కొక్కదానికి 256 కిలోబైట్ల మెమొరీ ఉన్నట్లు తోచును. మోడల్ 40కు అమర్చదగిన మొత్తము మెమొరీయే 256 కిలోబైట్లు! అప్పటికి అక్కరలేని భాగములను బయటి నిల్వ పరికరములోనికి తరలించి, కావలసినప్పుడు తెచ్చుకొనుటవలన ఇది సాధ్యమైనది.

మన బల్లలమీది ఇంటెల్ జాతి కంప్యూటర్లు చాలకాలము ఇందుకు లొంగలేదు. కారణము విచిత్రమైనది. పాప్ఎఫ్ అను ఆజ్ఞను చూడుడు. అది ప్రాసెసరు స్థితిని తెలుపు ఫ్లాగులలో క్రొత్త విలువలు ఉంచును. వానిలో ఒకటి అంతరాయములను ఆపునది. సామాన్య ప్రోగ్రాము దానిని మార్చబోయినచో ప్రాసెసరు అడ్డగింపదు, ట్రాప్ పడదు. ఆ భాగమును మాత్రము విననట్లు ఊరకుండును. అంతరాయములు ఆగినవని అతిథి నమ్మును. హైపర్‌వైజరుకు కబురే అందదు. సున్నితమైన పని మధ్యలో అంతరాయము వచ్చిపడినచో అతిథి లెక్కలు తారుమారగును. నిరాకరించినచో సర్దుకొనవచ్చును, మౌనముతోనే వచ్చినది చిక్కు. పెంటియమ్‌లో ఇట్టి చిక్కు ఆజ్ఞలు 17 ఉన్నవని 2000లో ప్రకటితమైన ఒక పరిశీలన లెక్క తేల్చినది.

అంతకుముందే, 1999లో, వీఎంవేర్ సంస్థ ఉపాయము కనిపెట్టి అమ్మకమునకు తెచ్చినది. అతిథి సిస్టము ఆజ్ఞలను ముందుగా చదివి, చిక్కు ఆజ్ఞలకు బదులు వేరు ఆజ్ఞలను పెట్టుటయే ఆ ఉపాయము. తరువాత 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ ఈ సదుపాయమును ప్రాసెసరులోనే అమర్చినవి. కొన్ని కంప్యూటర్లలో దానిని బయాస్ అమరికలలో ఆపి ఉంతురు. వర్చువల్‌బాక్స్ మొరాయించినచో ముందు అక్కడ చూచుట మంచిది.

ప్రాసెసరు కాలమును పంచుట సులభము, మెమొరీని పంచుట కష్టము. 8 గిగాబైట్ల యంత్రములో అతిథికి 2 ఇచ్చినచో ఇద్దరికిని జరుగును. 7 ఇచ్చినచో విండోస్ ఊపిరాడక డిస్కును ఆశ్రయించును, రెండును నత్తనడక నడచును. అతిథి డిస్కు అనునది మన డిస్కులో ఒక ఫైలు మాత్రమే. దాని స్థితిని స్నాప్‌షాట్‌గా దాచి ఉంచినచో, విద్యార్థి లినక్స్‌ను ఎంత పాడుచేసినను క్షణములలో వెనుకకు తేవచ్చును. బోధనకు ఇంతకంటె గొప్ప సౌకర్యము నాకు కనబడదు. ఒక హద్దు మాత్రము కలదు: అతిథి అదే జాతి ప్రాసెసరుకు వ్రాసినదై ఉండవలెను. 2020లో ఆపిల్ ఏఆర్ఎం జాతి ప్రాసెసరుతో తెచ్చిన మాక్‌లలో ఇంటెల్ విండోస్ నేరుగా నడువదు. ఒక్కొక్క ఆజ్ఞను అనువదింపవలెను, వేగము పడిపోవును.

మరి అతిథిలో వైరసు చేరినచో బయటికి రాదా? సాధారణముగా రాదు, కాని గోడలు కట్టినది కూడ సాఫ్ట్‌వేరే. క్యూఈఎంయూ అను సాఫ్ట్‌వేరులో వెనం అను లోపము 2015 మే నెలలో బయటపడినది. అతిథి దానిద్వారా గోడ దాటగల అవకాశ ముండెను. ఆ లోపము 2004 నుండియు ఉన్నది. ఉన్నచో టెక్కడ? ఎవరును వాడుట మానివేసిన ఫ్లాపీ డ్రైవును కల్పించు భాగములో. ఫ్లాపీ డ్రైవు అక్కరలేదని తీసివేసిన యంత్రములలో సైతము ఆ భాగము పని చేయుచునే యుండెను.