ఆయిలరు తేల్చిన సంఖ్య

దమ్మపేట తోటలో పదునేడు పామాయిలు మొక్కలను సరిసమానమైన వరుసలుగా నాటజూడుడు. ఒంటి బారుగా తప్ప కుదరదు. ఒకటిచేతను, తనచేతను తప్ప నిశ్శేషముగా భాగింపబడని యిట్టిది ప్రధాన సంఖ్య.

ముప్పదియొక్క రెండ్లను గుణించి ఒకటి తీసివేసిన 2,14,74,83,647 వచ్చును. ఇది ప్రధాన సంఖ్యయా? రెండు సంఖ్యల లబ్ధమైనచో, వానిలో చిన్నది 46,340ని మించదు. అయినను అన్నిటితోను భాగించిచూచు ఓపిక యెవరికి గలదు?

చూపు దాదాపు నశించినను, రష్యాలో నుండిన ఆయిలరు పండితుడు 1772లో దీనిని తేల్చెను. దీనిని భాగించు ప్రధాన సంఖ్యను 248చే భాగింపగా 1 గాని 63 గాని శేషింపవలెనని ఆయన కనుగొనెను. ఆ మేరలో అట్టి సంఖ్యలు నాలుగు వందలైనను లేవు. వానిలోని ప్రధాన సంఖ్యలను పరీక్షింపగా ఒక్కటియు భాగింపలేదు.

ఇదే రూపమున 2024లో దొరకిన ప్రధాన సంఖ్యకు 4,10,24,320 అంకెలు!